పెంపుడు జీవితో మనసు కలపడం ఎలా: ఉన్నప్పుడు, పోయాక

ఇంట్లో కుక్కనో పిల్లినో పెంచుకుంటూ దానితో మాట్లాడనివాళ్లు ఉండరు. "తిన్నావా నాన్నా", "ఇంతసేపు ఎక్కడ తిరిగొచ్చావే" అని అడుగుతూనే ఉంటాం. మాట్లాడటం అందరికీ వచ్చు, వినడమే రాదు. దానికి దివ్యదృష్టి అక్కర్లేదు. కాస్త ఓపికా, రోజూ చేసే సాధనా ఉంటే చాలు. పోయిన జీవితో మాట్లాడటం కూడా ఈ సాధనకి కొనసాగింపేనని నా నమ్మకం. బతికుండగా దాని పక్కన పది నిమిషాలు ఊరికే కూర్చోలేనివాళ్లకి, పోయాక దాన్ని తలుచుకుని కూర్చోవడం ఇంకా కష్టం. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం బతికున్నదాని గురించే రాస్తున్నాను.

మనకిదేం కొత్త కాదు. సాలెపురుగుకీ పాముకీ ఏనుగుకీ శ్రీకాళహస్తిలో ముక్తి దొరికిందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. వెంట వచ్చిన కుక్కని వదిలేసి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. దగ్గరి కాలంలో చూడాలంటే తిరువణ్ణామలైలో రమణ మహర్షి ఉన్నారు. ఆశ్రమంలో కుక్కల గురించి మాట్లాడేటప్పుడు మనుషుల గురించి అన్నట్టే "వాడు", "ఆమె" అనేవారు. "పిల్లలకి అన్నం పెట్టారా" అని ఆయన అడిగారంటే కుక్కలకి పెట్టారా అని. ఈ దేహాల్లో ఏ జీవులున్నారో మనకేం తెలుసు అనేది ఆయన ధోరణి. మీరూ ఆ మర్యాదతోనే మొదలుపెట్టండి.

ముందు కూర్చోండి

రోజూ ఒకే వేళ, ఒకే చోట, పావుగంట. వేళ మీ తీరికని బట్టి కాదు, దాని తీరికని బట్టి పెట్టుకోవాలి. కుక్కయితే తిని, బయట తిరిగొచ్చి, చల్లటి గచ్చు చూసుకుని వాలిపోయే వేళ. పిల్లయితే కిటికీలోంచి ఎండ పడేచోట చేరే వేళ. చిలకలాంటి పక్షులైతే పొద్దువాలే ముందు, అరుపులు తగ్గి రెక్కలు సర్దుకునేటప్పుడు.

కుర్చీలో కాకుండా నేల మీద కూర్చోండి. ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తిరిగి కూర్చోండి. ఫోను వేరే గదిలో పెట్టేయండి. మొదట్లో మీరుగా చేయి వేయొద్దు, అదే వచ్చి ఆనుకుంటే ఆనుకోనివ్వండి. కళ్లలోకి అదేపనిగా చూడటం కూడా వద్దు. కొత్తగా వచ్చిన కుక్క, ఎక్కడో దెబ్బలు తిని వచ్చిన కుక్క దాన్ని బెదిరింపుగానే తీసుకుంటుంది. చనువు కుదిరాక చూపులు వాటంతటవే కలుస్తాయి. ఆ చూపుకి విలువుంది. కుక్కా యజమానీ అలా ఒకరినొకరు చూసుకున్నప్పుడు ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోను కూడా అదే.

జపం అలవాటుంటే లోగొంతుతో చేసుకోండి. గంట, శంఖం మాత్రం ఆ గదిలో వద్దు. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు. కుక్కకి సుమారు 45,000 దాకా, పిల్లికి 60,000 పైన కూడా వినపడుతుంది. మనకి మంగళకరంగా తోచే మోత వాటికి ఎలా ఉంటుందో హారతి వేళ మంచం కింద దూరే కుక్కని చూస్తే తెలుస్తుంది.

ఊపిరిని చూడండి

నాలుగైదు రోజులయ్యాక దాని ఊపిరి మీద దృష్టి పెట్టండి. నిద్రలో ఉన్న కుక్కని దగ్గర నుంచి చూస్తే ఎంత కనిపిస్తుందో! పక్కటెముకల కింద చర్మం లేచి పడుతుంటుంది. మూతి దగ్గర పొడుగు వెంట్రుకలు సన్నగా అదురుతుంటాయి. ఉన్నట్టుండి ముందుకాలి వేళ్లు ముడుచుకుంటాయి, గొంతులోంచి బయటికి రాని అరుపొకటి వినిపిస్తుంది, కలలో దేన్నో తరుముతున్నట్టు. మళ్లీ ఊపిరి సర్దుకుంటుంది.

ఏమీ చేయకుండా దాన్నే చూస్తూ ఉండండి. దాని లయకి మీ ఊపిరిని బలవంతాన కలపనక్కర్లేదు. కాసేపటికి మీదీ నెమ్మదిస్తుంది, మీలో తొందర పోయిందని దానికీ తెలుస్తుంది. నాకు తెలిసినంతలో ధ్యానం నేర్చుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. గాఢ నిద్రలో కుక్కయినా పిల్లయినా నిమిషానికి 30 లోపే ఊపిరి తీయాలి. రోజూ చూస్తుంటే మీదానికి మామూలుగా ఎంతో తెలిసిపోతుంది. నిద్రలో కూడా 30 దాటి పోతోందంటే, అందులోనూ రెండు మూడు రోజులు వరసగా అలాగే ఉందంటే, గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో ఇబ్బంది ఉండొచ్చు. డాక్టరుకి చూపించండి. ముసలి కుక్కల విషయంలో ఈ ఒక్క అలవాటే ప్రాణం నిలబెట్టవచ్చు.

ఒక్క ప్రశ్న అడగండి

మనసు నిలిచాక ఒక్కటంటే ఒక్కటే అడగండి. "ఎక్కడైనా నొప్పిగా ఉందా?" లేదా "దేనికి భయపడుతున్నావు?" పైకి అడిగినా సరే, లోపల అనుకున్నా సరే. కళ్లు మూసుకుని, మొదట ఏది తోస్తే దాన్ని పట్టుకోండి. అది ఒక బొమ్మ కావచ్చు, ఒంట్లో ఒకచోట బరువు కావచ్చు, ఏ కారణమూ లేని చిరాకూ కావచ్చు. దాన్ని తేదీ వేసి నోట్‌బుక్కులో రాయండి.

తరువాత చేసే పనే అన్నిటికన్నా ముఖ్యం, చాలామంది ఎగ్గొట్టేదీ అదే. తోచింది నిజమో కాదో చూడాలి. ఎడమ వెనకకాలు అని తోచిందా? ఆ కాలిని మెల్లగా తడిమి చూడండి. మెట్లు ఎలా ఎక్కుతోందో గమనించండి. నిజమైతే నిజమని రాయండి, కాకపోతే కాదని రాయండి. రెండూ రాసే నిజాయితీ లేకపోతే ఈ సాధన మీ భయాలని మీకే వినిపిస్తుంది. తోచినవాటిలో చాలావరకు మన కన్ను ఎప్పుడో చూసి మనసుకి చెప్పని సంగతులే అయివుంటాయి. అలాగైతే ఇందులో ఆధ్యాత్మికం ఏముందని అడుగుతారు కొందరు. ఇంకో ప్రాణి కోసం తన ధ్యాస మరిచి చూడటమే ఆధ్యాత్మికమని నేనంటాను. వాదన పెట్టుకోను.

ఒంటి భాష కూడా నేర్చుకోవాలి. తిండి లేకుండానే పెదాలు నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, తల తిప్పేసుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, ఇవన్నీ కుక్క "నన్ను వదిలేయ్" అని చెప్పే తీరు. మనం ఫొటో కోసం మెడ చుట్టూ చేతులేసి బిగించినప్పుడు అది చేసేవన్నీ ఇవే. మా ఇంట్లో రాణి అని నాటుకుక్క ఉండేది. ఎవరికైనా జ్వరం వస్తే వీధి గుమ్మం దగ్గర తన చోటు వదిలి ఆ గది గడపకి అడ్డంగా పడుకునేది, దాటుకుంటూ వెళ్లాల్సి వచ్చేది మేం. ఒక్కసారీ తోక ఊపేది కాదు. అలాంటి కదలిక ఒకటి మీదాన్లోనూ ఉంటుంది, వెతకండి.

పిల్లితో పని ఇంకా తేలిక. దానివైపు చూసి కళ్లు మెల్లగా సగం మూసి, మెల్లగా తెరవండి. అదీ అలాగే చేస్తుంది. ఇలా చేసిన మనుషుల దగ్గరికి పిల్లులు ఎక్కువగా వస్తాయని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించారు. పిల్లుల్ని పెంచిన అమ్మమ్మలకి ఇది ముందే తెలుసు, ప్రచురించలేదంతే.

చెప్పేది చెప్పండి

ఊరెళ్తుంటే ముందు రోజే చెప్పండి, ఎవరు అన్నం పెడతారో చెప్పండి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోనీ. ఒక్కో సంగతికి ఒక్కో మాట పెట్టుకుని రోజూ అదే వాడండి. హంగరీలో కుక్కలకి మెదడు స్కానింగ్ తీసి 2016లో ఒక సంగతి కనిపెట్టారు. మెచ్చుకునే మాట, మెచ్చుకునే గొంతు రెండూ కలిసినప్పుడే వాటికి సంతోషం కలిగించే మెదడు భాగం బాగా స్పందించింది. కసురుతూ "మంచిదానివి" అంటే దానికి చేరదన్నమాట. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి అనే మన అలవాటు ఇక్కడ చెల్లదు.

పూజగదితో జాగ్రత్త

భక్తితో చేసే పనే వాటి ప్రాణం మీదికి తెస్తుంటుంది, కాబట్టి కాస్త కటువుగానే చెప్తాను. లడ్డూలో, చక్కెరపొంగలిలో, పాయసంలో కిస్మిస్ వేస్తాం. కిస్మిస్, ద్రాక్ష కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమో ఒక లెక్కంటూ లేదు, కొన్ని తిన్నా పడిపోయే కుక్కలున్నాయి. కాబట్టి "దేవుడి ప్రసాదం, ఏమీ కాదులే" అనొద్దు. ప్రసాదం పెట్టాలని ఉంటే ఉప్పూ పోపూ తగలని పెరుగన్నం కాస్త విడిగా తీసి నైవేద్యంలో పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా విషమే. కర్పూరం బిళ్ల నేల మీద పడితే వెంటనే తీసేయాలి, నాకితే ఫిట్స్ రావచ్చు. సాంబ్రాణి పొగ పక్షులకి అసలు పడదు, పంజరం ఉన్న గదిలో వేయొద్దు. బొకేల్లో వచ్చే లిల్లీ పువ్వులు పిల్లి నోట్లో పడితే, పుప్పొడి ఒంటికంటుకుని నాక్కున్నా సరే, కిడ్నీలు పోతాయి. ధ్యానానికని గదిలో సుగంధ తైలాలు వెలిగించే అలవాటు ఉంటే పిల్లి ఉన్న ఇంట్లో మానేయండి.

ఇంకొకటి. ఉన్నట్టుండి వచ్చిన మార్పుని సందేశం అనుకోవద్దు, ముందు జబ్బు అనుకోండి. మగపిల్లి మాటిమాటికీ ముక్కుతూ మూత్రం పోయలేకపోతుంటే గంటల మీద ప్రాణం పోతుంది, ఆ రాత్రే తీసుకెళ్లాలి. కుక్క ఒక్కసారిగా తిక్కగా మారినా, అలవాటు లేని అతి ప్రేమ చూపినా, చొంగ కారుస్తూ మింగలేకపోయినా రేబిస్ కావచ్చు. దగ్గర కూర్చుని ధ్యానం చేసే సమయం కాదది. దూరంగా ఉండి డాక్టరుని పిలవండి. కరిచినా గీరినా సబ్బుతో పావుగంట కడిగి, టీకాకి వెళ్లండి.

వెళ్లిపోయే రోజుల్లో

క్యాలెండర్ తీసుకోండి. అది తిన్న రోజు, లేచి తిరిగిన రోజు, మీ గొంతుకి చెవి కదిపిన రోజు ఒక గీత పెట్టండి. ఏదీ లేని రోజు ఖాళీగా వదిలేయండి. ఖాళీలు ఎక్కువవుతుంటే, ఇంక పంపించే వేళయిందా అనే మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే. నొప్పి లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పించడం పాపమేమో అని మన ఇళ్లలో చాలామంది ఆగిపోతారు. తగ్గని నొప్పితో ఉన్నదాన్ని, డాక్టరు కూడా ఇంకేం లేదన్నాక, మన భయం కోసం ఇంకా వారం అట్టిపెట్టడమే నాకు ఎక్కువ తప్పుగా తోస్తుంది. అయితే ఎవరి మనసు వాళ్లది. ఇప్పిస్తే మాత్రం ముందుగా మత్తు ఇవ్వమని అడగండి, మీరు గదిలోనే ఉండండి. కళ్లు మూసుకోకపోవచ్చు. ప్రాణం పోయాక కూడా ఒకటి రెండు ఎగశ్వాసలు రావచ్చు, మూత్రం పోవచ్చు. అవి బాధపడుతున్న గుర్తులు కావు.

ఆ సమయంలో ఏం చేయాలో తెలియకపోతే లక్ష్మి అనే ఆవు సంగతి గుర్తు తెచ్చుకోండి. 1926లో దూడగా రమణాశ్రమానికి వచ్చింది, 1948 జూన్ 18న పోయింది. ఆ రోజు పొద్దున మహర్షి గోశాలకి వెళ్లి గడ్డిలో దాని పక్కనే కూర్చున్నారు. రెండు చేతులతో ముఖం ఎత్తి నిమిరారు. ఎడమచేయి తల మీద ఉంచి, కుడిచేతి వేళ్లతో గొంతు దగ్గర నుంచి గుండె దాకా మెల్లగా అదుముతూ చాలాసేపు ఉన్నారు. "అమ్మా" అని పిలిచి మాట్లాడారు. 1922లో కన్నతల్లి అళగమ్మ పోయేటప్పుడు కూడా ఒక చేయి తల మీద, ఒక చేయి గుండె మీద పెట్టే ఉన్నారాయన. ఈ సంగతులు తెలుగులో మనకి దక్కాయంటే, అక్కడే ఉండి చూసిన సూరి నాగమ్మ గారు తన అన్నకి ఉత్తరాలు రాస్తూ వచ్చారు కాబట్టి. లక్ష్మి సమాధి ఆశ్రమంలోనే ఉంది, పక్కనే ఒక జింకకీ కాకికీ కుక్కకీ సమాధులున్నాయి.

మీరూ అంతే చేయండి. ఒక చేయి తల మీద, ఒకటి గుండె మీద. పేరు పెట్టి పిలవండి. "వెళ్లు నాన్నా, మేం బాగుంటాం" అనండి. రామనామమో శివనామమో మీకు అలవాటైనది చెవి దగ్గర మెల్లగా చెప్పండి. ఏడుపు వస్తే ఏడవండి, గట్టిగా అరుపులు మాత్రం ఆపుకోండి, దానికి అప్పటికీ వినపడుతుండవచ్చు.

దేహం

మన ఎండలకి అదే రోజు కానిచ్చేయాలి. ఇంట్లో ఇంకో కుక్కో పిల్లో ఉంటే దేహాన్ని వాసన చూడనివ్వండి. చూసినది వెతుక్కోవడం తగ్గుతుందని పెంచేవాళ్లు చాలామంది చెప్తారు. అంటురోగంతో పోతే మాత్రం వద్దు.

పెంపుడు జంతువుకి ఇంత కర్మ చేయాలని నిర్బంధం ఏమీ లేదు. కాబట్టి మీకు తోచింది చేయవచ్చు. తడిగుడ్డతో తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, పువ్వు పెట్టి, నోట్లో తులసి నీళ్లు వదిలి, నూలుగుడ్డలో చుడితే చాలు. ప్లాస్టిక్ కవరు వద్దు. సొంత స్థలంలో పూడిస్తే గొయ్యి నాలుగు అడుగులకి తగ్గకూడదు, బావికీ బోరుకీ దూరంగా ఉండాలి. మట్టి సగం కప్పాక రాళ్లు పరిస్తే వీధి కుక్కలు తవ్వవు. ఇంజెక్షన్‌తో పోయినదైతే ఇది మరీ ముఖ్యం, ఆ మందు దేహంలోనే ఉంటుంది, తిన్న జంతువూ పోతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు మున్సిపాలిటీని అడగాలి. హైదరాబాద్‌లో ఫతుల్లగూడ దగ్గర జంతువులకి దహనవాటిక ఉంది.

పోయాక మాట్లాడటం

మొదటి రోజుల్లో గచ్చు మీద గోళ్ల చప్పుడు వినిపిస్తుంది. తలుపు వెనక ఉన్నట్టే ఉంటుంది. ఆత్మీయులు పోయినవాళ్లలో ఎంతోమందికి జరిగేదే ఇది, పిచ్చీ కాదు, భయపడాల్సిందీ లేదు. "వచ్చావా" అనేసి మీ పని చూసుకోండి.

కూర్చునే అలవాటు మానొద్దు. అదే వేళ, అదే చోట. చిన్న దీపం పెట్టుకోండి. ముద్దుపేరుతో పైకి పిలవండి. చెప్పాల్సినవి దాచుకోకుండా చెప్పండి. అది ఉన్నందుకు సంతోషం, చేయలేకపోయినదానికి క్షమాపణ, ఈ రోజు ఇంట్లో జరిగిన సంగతి. ఎంతసేపు చెప్పారో, తరువాత అంతసేపూ మౌనంగా ఉండండి. ఎప్పుడో మరిచిపోయిన ఒక దృశ్యం రావచ్చు, కన్నీళ్లు రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. ఏది వచ్చినా నోట్‌బుక్కులో రాసి లేవండి. కలలో కనిపిస్తే లేవగానే రాసుకోండి, అర్థాలు వెతకొద్దు.

"నువ్వుంటే సీతాకోకచిలుక రూపంలో రా" లాంటి పరీక్షలు పెట్టొద్దు. రాకపోతే అది రెండోసారి పోయినట్టవుతుంది మీకు. దాని పేరున ఏదైనా చేయాలనిపిస్తే పోయిన తిథినాడు వీధి కుక్కలకి అన్నం పెట్టండి. శ్రాద్ధంలో కాకికి ముద్ద పెట్టే అలవాటు మనకి ఉండనే ఉంది, భోజనానికి ముందు చేసే వైశ్వదేవంలో కుక్కకీ ఒక భాగం ఉంది. నేపాల్‌లో అయితే తీహార్ పండుగలో ఒక రోజు కాకికి, ఒక రోజు కుక్కకి కేటాయించి, కుక్క మెడలో బంతిపూల దండ వేసి బొట్టు పెట్టి మరీ పెడతారు.

డబ్బులు తీసుకుని, ఫొటో చూసి, మీ కుక్క ఆత్మ ఏమంటోందో చెప్తామనేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందరూ మోసగాళ్లని అనను. కానీ "అది మిమ్మల్ని క్షమించింది", "ప్రశాంతంగా ఉంది" అనే మాటలు ఎవరి కుక్కకైనా సరిపోతాయి. ఆత్మ ఇరుక్కుపోయింది, పూజ చేయించాలి అంటే అక్కడితో ఫోను పెట్టేయండి. బతికున్నదానికి మందులు ఆపమని చెప్పినా అంతే.

మళ్లీ అదే మన ఇంట్లో పుడుతుందా అని అడుగుతుంటారు. నాకు ఆశే తప్ప తెలియదు. భాగవతంలో భరతుడి కథ మాత్రం రెండో వైపు చూపిస్తుంది. రాజ్యం వదిలి అడవికొచ్చినవాడు తల్లి లేని జింకపిల్లని చేరదీసి, చివరిక్షణంలోనూ దాన్నే తలుచుకుని, జింకగా పుట్టాడు. ప్రేమించొద్దని కథ చెప్పడం లేదు, పట్టుకుని వేలాడొద్దని చెప్తోంది. నెలలు గడిచినా నిద్రా తిండీ కుదరకపోతే, చనిపోవాలన్న ఆలోచన వస్తే, దీపాలూ ధ్యానాలూ సరిపోవు. 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు.

పిల్లలకి "నిద్రపోయింది" అని చెప్పొద్దు, రాత్రి పడుకోవడానికి భయపడతారు. చనిపోయిందని చెప్పి, గొయ్యిలో పువ్వు వాళ్లతోనే వేయించండి. బెల్టు, గిన్నె వెంటనే పారేయకండి, ఏడాది అయ్యాక మీకే తెలుస్తుంది ఏం చేయాలో. ఇంకోదాన్ని ఎప్పుడు తెచ్చుకోవాలనేది కుటుంబమంతా కూర్చుని తేల్చుకోవాలి, కొత్తదానికి పాత పేరు పెట్టొద్దు. పోయింది పార్వో అనే వైరస్ జబ్బుతో అయితే మాత్రం ఆ క్రిమి ఇంట్లో, పెరట్లో నెలల తరబడి బతికే ఉంటుంది. నేలా గిన్నెలూ బ్లీచింగ్ ద్రావణంతో కడిగించి, టీకాలన్నీ పూర్తయిన కుక్కనే, అదీ డాక్టరుని అడిగాకే, ఇంటికి తీసుకురండి.